మెరవణి గుర్రం నిలువునా లేస్తోంది, ఇంటివైపు దౌడు తీస్తోంది: దీన్ని మళ్ళీ దారికి తేవడం ఎలా?

ప్రశ్న: కాలువగట్టు రైతు, కర్నూలు

అందరికీ నమస్కారం. మాది కర్నూలు దగ్గర కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు కింద ఉన్న పల్లె. పెళ్ళి మెరవణులకు గుర్రాలను తిప్పే ఒకాయన దగ్గర నాలుగు నెలల క్రితం ఏడేళ్ళ మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని కొన్నాను. మా తాతగారి కాలంలో ఇంట్లో గుర్రం ఉండేది, చిన్నతనంలో నేనూ దాని మీద పొలానికి వెళ్ళినవాణ్ణే. పదిహేనేళ్ళ మా అబ్బాయికి స్వారీ నేర్పాలన్న కోరికతో కొన్నాను తప్ప దీనితో వ్యాపారం చేయాలని కాదు.

కింద ఉన్నంతసేపు ఇంత సాధువైన జీవి మరొకటి ఉండదు. పిల్లలు జూలు దువ్వినా, కడుపు కింద నుంచి దూరినా కదలదు. జీను వేసి పొట్టపట్టీ బిగించడం మొదలుపెట్టగానే చెవులు వెనక్కి పెట్టి కరవడానికి వస్తుంది. మనిషి ఎక్కి ఇంటి గేటు దాటించబోతే ముందుకాళ్ళు ఎత్తి నిలువునా లేస్తుంది. ఎలాగో దాటించి కాలువ గట్టు మీద అర కిలోమీటరు తీసుకెళ్ళామంటే, ఏదో ఒకచోట గిర్రున తిరిగి ఇంటివైపు దౌడు తీస్తుంది. అప్పుడు పగ్గాలు ఎంత లాగినా ఆగదు. పోయిన నెల మా అన్న కొడుకు ఈ విధంగానే పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతను కోలుకుంటున్నాడు గాని, ఆ రోజు నుంచి ఇంట్లో ఆడవాళ్ళు ఈ గుర్రాన్ని చూస్తేనే భయపడుతున్నారు.

ఊళ్ళో చెప్పని సలహా లేదు. రెండు రోజులు మేత ఆపమన్నవారు ఉన్నారు, లేచినప్పుడు తల మీద నీళ్ళ సీసా పగలగొట్టమన్నవారు ఉన్నారు. అమ్మిన వ్యక్తిని అడిగితే ముళ్ళ కళ్ళెం వేయమన్నాడు. సంతలో అమ్మేయమని మా అన్న అంటున్నాడు. అమ్మితే కొన్నవాడూ దీన్ని ఎక్కుతాడు, అతనో దెబ్బ తింటాడు లేదా దీన్ని చావగొడతాడు. ఈ రెండూ నాకు ఇష్టం లేదు. రోజుకు మూడు కిలోల ఉడికించిన ఉలవలు, సాయంత్రం శనక్కాయ కట్టె (కాయలు తీసిన ఎండు వేరుశనగ మొక్క), కొంచెం జొన్న చొప్ప పెడుతున్నాను. స్వారీ లేని రోజుల్లో కొట్టంలోనే కట్టి ఉంటుంది. దీన్ని మార్చవచ్చా, మార్చగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పాత రౌతు, కడప

అయ్యా, మొదటి మాటగా ఒక విన్నపం. ఈ క్షణం నుంచి దాని మీదికి ఎవరినీ ఎక్కనివ్వకండి, మీరు కూడా ఎక్కకండి. మనిషి ఎక్కిన ప్రతిసారీ అది ఆ పాత పాఠాన్నే మరోసారి వల్లె వేస్తోంది. నిలువునా లేచిన గుర్రం పట్టు తప్పి వెనక్కి పడితే మనిషి దాని కింద నలిగిపోతాడు. నేను ముప్పై ఏళ్ళుగా గుర్రాలతోనే ఉన్నాను. కరిచే గుర్రానికీ తన్నే గుర్రానికీ భయపడను, లేచే గుర్రానికి మాత్రం ఇప్పటికీ భయపడతాను.

మీరు రాసినదాంట్లో నన్ను పట్టి ఆపిన మాట ‘మెరవణి’. మన వైపు పెళ్ళిళ్ళకు తిప్పే గుర్రాల్లో చాలా వాటికి నాట్యం నేర్పుతారు. డప్పు మోగగానే కాళ్ళు ఎత్తి వేయడం, ఆపైన ముందుకాళ్ళు గాలిలోకి లేపి నిలబడడం అందులో భాగమే. నోట్లో పగ్గం బిగబట్టి, అదే సమయంలో మడమతో డొక్కలో పొడిస్తే, ముందుకు పోవడానికి దారి లేక గుర్రం పైకి లేస్తుంది. లేచిన వెంటనే పగ్గం వదులుతారు, జనం చప్పట్లు కొడతారు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు నోట్లు విసురుతారు. ఇలా కొన్ని వందల సార్లు జరిగాక ‘పగ్గం బిగిసి మడమ తగిలితే లేవాలి’ అన్నది దానికి అచ్చమైన పాఠంగా మిగిలిపోతుంది. మీ గేటు దగ్గర మీవాళ్ళు భయంతో పగ్గం బిగబట్టి, కదలడం లేదని మడమతో పొడిచి ఉంటారు. అంటే అది మొండికేయడం లేదండీ, మీరు అడిగిందే చేస్తోంది. ఇది నా ఊహే, అయినా మీరు గమనించి చెప్పండి: లేవడానికి ముందు క్షణంలో ఎక్కినవారి చేతులు ఎక్కడ ఉన్నాయి, కాళ్ళు ఏం చేస్తున్నాయి?

ఇంకొక ప్రశ్న. మీ గేటు దగ్గర నేల ఎలాంటిది? మన జిల్లాల్లో వాకిలి నిండా కడప బండలు పరుస్తారు. ఇనుప లాడం వేసిన గిట్టకు ఆ నున్నటి బండ, అందులోనూ పొద్దున్నే నీళ్ళు చల్లిన బండ, అద్దంలా జారుతుంది. ఒక్కసారి కాలు జారిన చోటును గుర్రం ఏళ్ళ తరబడి మరచిపోదు.

శిక్షణ సంగతి తరువాత రాస్తాను. ముందు పశువైద్యునికి చూపించండి. పొట్టపట్టీ బిగించేటప్పుడు కరవడానికి వచ్చే గుర్రం, చాలాసార్లు నొప్పిని చెప్పుకోవడానికి మరో దారి లేని గుర్రం.

జవాబు: పశువైద్యుడు, అనంతపురం

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ప్రవర్తన దిద్దడానికి ముందు శరీరాన్ని తల నుంచి తోక దాకా పరీక్షించాలి. నొప్పితో ఉన్న గుర్రానికి ఎంత మంచి శిక్షకుడు నేర్పినా ఆ పాఠం నిలవదు.

మొదట నోరు చూడాలి. గుర్రం దవడపళ్ళు జీవితకాలంలో చాలా భాగం పైకి వస్తూనే ఉంటాయి, నమలడంలో అరుగుతూ ఉంటాయి. పైదవడ కిందిదవడ కంటే వెడల్పు కాబట్టి, పైపళ్ళకు బుగ్గవైపు, కిందిపళ్ళకు నాలుకవైపు అరగని అంచులు కత్తుల్లా మిగిలిపోతాయి. కళ్ళెం లాగినప్పుడల్లా బుగ్గ లోపలి చర్మం ఆ అంచులకు గీసుకుంటుంది. కనీసం ఏడాదికి ఒకసారి వాటిని ఆకురాయితో సాపు చేయించాలి. కొన్ని గుర్రాలకు మొదటి దవడపన్ను ముందు చిన్న పన్ను ఒకటి ఉంటుంది. అది సరిగ్గా కళ్ళెం తగిలే చోటే ఉండి ఇబ్బంది పెట్టవచ్చు, అవసరమైతే తీసేస్తాము. కళ్ళెం ఆనుకునే చోట పళ్ళు ఉండవు, ఎముక మీద పలచటి చిగురు పొర మాత్రమే ఉంటుంది. అక్కడ పాత గాయపు మచ్చలు ఉన్నాయేమో వేలితో తడిమి చూడమని మీ వైద్యుణ్ణి అడగండి.

తరువాత వీపు. మెడ దిగిన చోట, జూలు ముగిసే ఎత్తు దగ్గర, చుట్టుపక్కల రంగుకు భిన్నంగా తెల్లటి వెంట్రుకలు గుంపుగా మొలిచి ఉంటే అక్కడ ఒకప్పుడు జీను నొక్కి చర్మాన్ని దెబ్బతీసిందని అర్థం. వెన్ను ఎముకకు రెండు పక్కలా బొటనవేలితో మెల్లగా నొక్కుతూ వెనక్కి వెళ్ళండి, ఎక్కడ వీపు కుంగదీస్తుందో అక్కడ నొప్పి ఉన్నట్టు. గుర్రానికి 18 జతల పక్కటెముకలు ఉంటాయి, జీను చివరి పక్కటెముకను దాటి నడుము మీదికి పోకూడదు. మనం అలంకారం కోసం వాడే మెరవణి జీనులు ఈ లెక్క చూసి చేసినవి కావు.

మూడవది కడుపు. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది, 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. మేత ఉన్నా లేకపోయినా అందులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది. రోజంతా కొంచెం కొంచెంగా గడ్డి మేయడానికి పుట్టిన జంతువుకు పూటకు ఒకసారి దాణా పెట్టి, మిగతా వేళల్లో ఖాళీ కడుపుతో కట్టేస్తే కడుపులో పుండ్లు పడతాయి. పొట్టపట్టీ బిగించినప్పుడు కరవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కాబట్టి మేత ఆపమన్న సలహాను దయచేసి వినకండి. 350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 5 నుంచి 7 కిలోల ఎండుమేత పడాలి, అదీ రెండు మూడు దఫాలుగా, రాత్రికి కూడా నోటి ముందు ఉండేలా. మీరు చెప్పిన పని లేని రోజులకు మూడు కిలోల ఉలవలు చాలా ఎక్కువ. పని చేయని గుర్రానికి అంత బలం పెట్టి కట్టేస్తే ఆ ఉడుకు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఒక్కసారిగా కాకుండా పది రోజుల్లో కిలోకు తగ్గించండి. శనక్కాయ కట్టెను మట్టి దులిపి, బూజు వాసన చూసి పెట్టండి. మట్టి కడుపులో చేరితే శూల వస్తుంది. లేత పచ్చజొన్న వేయవద్దు.

ప్రవర్తన ఉన్నట్టుండి మారినా, జ్వరం వచ్చి పోతూ ఉన్నా, నీరసపడినా జోరీగల ద్వారా సోకే సర్రా జబ్బును రక్తపరీక్షతో తోసిపుచ్చాలి. ఆడగుర్రం కాబట్టి ఎదకు వచ్చే రోజులను కూడా క్యాలెండరులో గుర్తు పెట్టండి, సుమారు 21 రోజులకు ఒకసారి వస్తుంది. చెడ్డ రోజులు ఆ తేదీలతో కలుస్తున్నాయేమో తెలుస్తుంది. మీ దగ్గరలో గుర్రాలు చూసిన వైద్యులు లేకపోతే ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళవచ్చు. అత్యవసరమైతే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది.

కాలువగట్టు రైతు, కర్నూలు

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పది రోజుల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే చూసి చెప్పాలనుకున్నాను.

వైద్యుడు వచ్చి నోరు తెరిపించి టార్చి వేసి చూపించారు. నాలుక మీద అడ్డంగా, వేలు పెడితే పల్లంగా తగిలే పాత మచ్చ ఒకటి ఉంది. పళ్ళు లేని ఆ చిగురు మీద కుడిపక్క చిన్న గట్టి కాయ లాగా ఎముక పొంగి ఉంది. ముళ్ళ కళ్ళెం వేసిన గుర్తే అని ఆయన అన్నారు. బుగ్గల లోపల రెండు వైపులా పచ్చి పుండ్లు ఉన్నాయి. నాలుగు నెలలు మేము వాటి మీదే కళ్ళెం లాగుతూ వచ్చాము. ఆ పూట నాకు అన్నం తినబుద్ధి కాలేదు. పళ్ళ అంచులు సాపు చేశారు, మూడు వారాలు నోట్లో ఇనుము పెట్టవద్దన్నారు. వీపు మీద మీరు చెప్పిన తెల్ల వెంట్రుకలు ఎడమపక్క అర్ధరూపాయి అంత మేర ఉన్నాయి. నేను దాన్ని పుట్టుమచ్చ అనుకొని, శుభమని కూడా చెప్పుకున్నాను. కడుపులో పుండ్లు ఉండవచ్చన్న అనుమానంతో మందు రాసిచ్చారు.

గేటు దగ్గర నేల కడప బండలే. మా ఆవిడ పొద్దున్నే అక్కడ కళ్ళాపి చల్లుతుంది, మేము స్వారీకి బయల్దేరేది ఆ తరువాతే. ఇక చేతుల సంగతి: పడిన అబ్బాయిని అడిగితే, ‘లేస్తుందేమోనని ముందే గట్టిగా పట్టుకున్నాను, కదలకపోతే తన్నాను’ అన్నాడు. పాత రౌతుగారు చూసినట్టే చెప్పారు.

జవాబు: మెరవణి గుర్రాల యజమాని, కడప జిల్లా

నేను ఆ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పాత రౌతుగారు చెప్పిన సైగ నిజమే. దానికి తోడు చాలామంది డప్పు దరువు మారినప్పుడు ముందుకాళ్ళను సన్నటి బెత్తంతో తట్టి నేర్పుతారు. కాబట్టి ఎవరైనా దాని ముందు కర్ర పట్టుకొని నిలబడినా లేవవచ్చు, పిల్లలను ఆ జాగాలో ఉండనివ్వకండి. మేము మా దగ్గర ముళ్ళ కళ్ళేలు మానేసి చాలా కాలమైంది. బరువు లాగే, మోసే జంతువుల మీద క్రూరత్వ నివారణకు కేంద్రం చేసిన 1965 నాటి నియమాల్లోనే, స్వారీకి గాని బండికి గాని ముళ్ళున్న కళ్ళెం, ముళ్ళకర్ర వాడకూడదని స్పష్టంగా ఉంది. ఈ సంగతి మా వృత్తిలో ఉన్నవారికే చాలామందికి తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం మీకు ఆశ పెట్టలేను. అయిదేళ్ళు మెరవణుల్లో తిరిగిన గుర్రం డప్పు విన్నప్పుడు దాని ఒంట్లో ఏదో కదులుతుంది. సైగను మాన్పించవచ్చు, దరువును పూర్తిగా మరిపించిన గుర్రాన్ని నేను చూడలేదు. మీ అబ్బాయి స్వారీ నేర్చుకోవడానికి మరో ముసలి, నెమ్మదైన గుర్రాన్ని చూడండి. నేర్చుకునే పిల్లవాణ్ణీ, నేర్చుకునే గుర్రాన్నీ కలపకూడదు.

జవాబు: పాత రౌతు, కడప

ఆ చివరి మాట బంగారం లాంటిది, అబ్బాయిని దీని మీద ఇప్పట్లో ఎక్కించకండి. ఇక శిక్షణ గురించి వివరంగా రాస్తాను. ఇందులో తొందర పనికిరాదు.

అన్నిటికీ మూలమైనది ఒకటే. గుర్రానికి నేర్పేది మనం పెట్టే ఒత్తిడి కాదు, ఆ ఒత్తిడి వదిలిన క్షణం. తాడు లాగి, అది ఒక అంగుళం ఇచ్చిన మరుక్షణం వదిలితే ‘ఇది సరైనది’ అని దానికి తెలుస్తుంది. రెండు సెకన్లు ఆలస్యంగా వదిలితే అప్పటికి అది చేస్తున్న వేరే పనికి ఆ బహుమానం చేరుతుంది. మీ గుర్రం లేచినప్పుడు మీవాళ్ళు భయపడి పగ్గం వదిలారు, దిగిపోయారు, కొట్టానికి తీసుకెళ్ళి కట్టారు. అలా మెరవణిలో నేర్చిన పాఠాన్ని మీ ఇంట్లో ఇంకా గట్టి చేశారు. దౌడు తీసి ఇంటికి చేరగానే జీను తీసి ఉలవలు పెట్టారు కదా, అది కూడా అలాంటిదే. దీన్ని తప్పు పట్టడానికి రాయడం లేదు, మనందరం చేసేదే.

నోరు మానేదాకా కళ్ళెం లేకుండా, మంచి తలతాడుతో నేల మీద నిలబడి పని మొదలుపెట్టండి. చేతికి తాడు చుట్టుకోకండి, మడతలుగా పట్టుకోండి. సరిగ్గా ముందు నిలబడకండి, నుదుటికి ఎదురుగానూ తోక వెనకానూ దానికి కనిపించని చోట్లు ఉన్నాయి. భుజం పక్కన నిలబడండి. మొదటి పాఠం తల దించడం. తాడును మెల్లగా కిందికి ఒత్తి పట్టుకోండి, లాగవద్దు. తల ఒక వేలెడు దిగగానే పూర్తిగా వదిలి మెడ మీద గోకండి. గోకడం వాటికి నిజంగా ఇష్టం, ఒకదాన్నొకటి అలాగే గోక్కుంటాయి. పదిహేను నిమిషాలు చాలు, ఆ రోజుకు ఆపండి. వారంలో చేయి మెడ మీద పెడితేనే తల మోకాళ్ళ దాకా దించుతుంది. ఎత్తి పట్టిన తల భయానిది, దించిన తల నెమ్మదిది.

రెండవది వెనక భాగాన్ని పక్కకు జరపడం. తలను కొంచెం మీవైపు తిప్పి, డొక్క వెనక వేలితో నొక్కండి. వెనక కాలు ఒకటి రెండవదాని ముందుగా అడ్డంగా వేస్తే వెంటనే వదలండి. ఇది మీకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. నిలువునా లేవాలంటే గుర్రం రెండు వెనక కాళ్ళనూ నేలలో పాతుకోవాలి. ఒక కాలు పక్కకు దాటుతున్నప్పుడు అది లేవలేదు. అలాగే లేవడానికి ముందు అది ఆగి తీరాలి. నాలుగు కాళ్ళూ ముందుకు పోతున్న గుర్రం లేవదు. కాబట్టి మూడవ పాఠంగా, నాలుకతో చప్పరింపు వినగానే పక్కనే అడుగు వేసి నడవడం, మాట వినగానే ఆగడం, రెండడుగులు వెనక్కి వేయడం నేర్పండి. అప్పుడు ముందుకు పోవడానికి మడమ అవసరం లేని కొత్త సైగ మీ చేతికి వస్తుంది. పాత సైగను దిద్దుతూ కూర్చోవడం కంటే దాన్ని వాడకుండా వదిలేసి, కొత్తది కట్టడం తేలిక.

మధ్యలో ఒక దశ వస్తుంది, ముందే చెబుతున్నాను. పాత అలవాటుకు ఫలితం రావడం ఆగగానే గుర్రం దాన్ని ఇంకా గట్టిగా చేసి చూస్తుంది. రెండు మూడు రోజులు ‘బాగుపడుతున్నదల్లా చెడిపోయింది’ అనిపిస్తుంది. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు, లేదా కర్ర అందుకుంటారు. ఆ రోజుల్లో మీరు రెండూ చేయకుండా, తేలికైన పాఠానికి వెనక్కి వెళ్ళి, అది సరిగ్గా చేసినదానితోనే ఆ పూట ముగించండి. ఆరు నెలల తరువాత కూడా ఎప్పుడో భయపడినప్పుడు పాతది ఒకసారి బయటికి రావచ్చు. అది వచ్చిందని మొదటికి వచ్చినట్టు కాదు.

గేటు దగ్గర బండల మీద ఇసుక పోసి, తడి గోనెలు పరచి, దాని వెంట నడుస్తూ రోజూ పదిసార్లు దాటించండి. కుదిరితే కళ్ళాపి వేళ మార్చమని ఇంట్లో చెప్పండి. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి మార్పిస్తున్నారా అన్నదీ చూసుకోండి.

ఇంటివైపు దౌడుకు కారణం వేరు. గుర్రం మందలో బతికే జంతువు, ఒంటరిగా బయటికి వెళ్ళడం దానికి ప్రాణభయంతో సమానం. మీ ఇంట్లో ఒక్కటే ఉంది కదా, కనీసం ఒక మేకనైనా దాని పక్కన కట్టండి, నేను ఈ ఉపాయం చాలాసార్లు చూశాను. రోజులో కొన్ని గంటలు కంచె వేసిన జాగాలో విడిచిపెట్టండి. గట్టు మీదికి మొదట నడిపించుకొనే తీసుకెళ్ళండి. ఇరవై అడుగులు పోయి, అది భయపడకముందే ఆగి, అక్కడ పిడికెడు మేత పెట్టి, గోకి, వెనక్కి రండి. మరునాడు ముప్పై అడుగులు. విశ్రాంతీ మేతా దూరంలో దొరకాలి, ఇంటికి వచ్చాక కాసేపు పని ఉండాలి. జీను తీసిన వెంటనే ఉలవలు పెట్టకండి, గంట ఆగి పెట్టండి.

డప్పు సంగతికి వస్తే, ఫోనులో రికార్డు చేసి, అది ఎండుమేత తింటున్నప్పుడు దూరంగా, నమలడం ఆపనంత చిన్న చప్పుడుతో వినిపించండి. చెవులు అటు తిప్పి మళ్ళీ నమలడం మొదలుపెడితే సరైన మోతాదు. తల ఎత్తి కాళ్ళు ఎత్తి వేస్తే ఎక్కువైందన్నమాట. వారాల మీద పెంచండి. యజమానిగారు అన్నట్టు పూర్తిగా పోకపోవచ్చు. డప్పు విన్నప్పుడు తల దించి మీవైపు తిరగడం నేర్చితే మనకు చాలు.

రెండు నెలల తరువాతే, కొలిచి సరిచేసిన జీనుతో, మృదువైన కళ్ళెంతో గాని కళ్ళెం లేని తలకట్టుతో గాని, నేల మీద ఇంకొకరు తాడు పట్టుకొని ఉండగా, అనుభవం ఉన్న మనిషి ఎక్కాలి. హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి, చెప్పులతో రికాబులో కాలు పెడితే అది లోపలికి దూరి ఇరుక్కుంటుంది. ఎప్పుడైనా లేస్తే ముందుకు వంగి మెడను వాటేసుకొని పగ్గాలు పూర్తిగా వదలాలి. పగ్గం పట్టుకొని వేలాడితే వెనక్కి పడేది మనమే. ముందుకాళ్ళు నేలకు తగలగానే ఒకవైపు చిన్నగా తిప్పి ముందుకు నడపాలి. దౌడు తీస్తే బిగబట్టి లాగకండి, లాగితే దానికి ఆనుకోవడానికి ఆధారం దొరుకుతుంది. నిటారుగా కూర్చొని, లాగి వదలి, లాగి వదలి, జాగా ఉంటే పెద్ద వలయంలోకి తిప్పి, వలయాన్ని చిన్నది చేస్తూ రావాలి. వేగంలో ఉన్నప్పుడు ఒక్కసారిగా తల తిప్పితే గుర్రం కాళ్ళు మెలిపడి పడుతుంది.

జవాబు: మరొక సభ్యుడు, గుత్తి

ఇంత ఓపిక రైతుకు ఎక్కడ ఉంటుందండీ? రెండు దెబ్బలు వేస్తే ఎవరు యజమానో దానికి తెలుస్తుంది. మా నాన్నగారు అలాగే దారికి తెచ్చేవారు.

జవాబు: పాత రౌతు, కడప

మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. చిన్నతనంలో నేనూ అలాగే చేశాను, దానివల్ల ఒక మంచి గుర్రాన్ని పోగొట్టుకున్నాను. లేచినప్పుడు కొట్టాను. అది లేవడం మానలేదు, లేచే ముందు చెవులు కదపడం మానింది. నాకు ముందుగా తెలిసే గుర్తు పోయింది. ఒక రోజు ఏ సూచనా లేకుండా వెనక్కి పడింది. నేను పక్కకు దొర్లాను గాని దాని నడుము విరిగింది. కొట్టిన దెబ్బ భయాన్ని తీసేయదు, కనిపించకుండా లోపల దాస్తుంది. ఓపిక సంగతికి వస్తే, నేను చెప్పినది రోజుకు పదిహేను నిమిషాల పని.

కాలువగట్టు రైతు, కర్నూలు

మూడున్నర నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను. తల దించడం అయిదో రోజుకే వచ్చింది. వెనక కాలు దాటించడానికి మూడు వారాలు పట్టింది, తప్పు నాదే, వదలడంలో ఆలస్యం చేస్తున్నానని మా అబ్బాయి తీసిన వీడియో చూశాకే అర్థమైంది. మీరు చెప్పిన చెడ్డ రోజులు కూడా వచ్చాయి. రెండు రోజులు తాడు పట్టుకుంటేనే గాలిలోకి లేచింది. మీ మాట చదువుకొని తల దించే పాఠానికి వెనక్కి వెళ్ళాము. గేటు దగ్గర ఇసుక పోసిన తరువాత అక్కడ ఒక్కసారీ లేవలేదు. కళ్ళాపి ఇప్పుడు మేము బయటికి వెళ్ళాక చల్లుతున్నారు. పక్కన మేక ఉంది, రాత్రి రెండూ తలలు ఆనించుకొని పడుకుంటున్నాయి. చెడ్డ రోజుల్లో మూడింటిలో రెండు క్యాలెండరులో ఎద తేదీల దగ్గరే పడ్డాయి. ఆ రోజుల్లో నడిపించడం తప్ప ఏమీ చేయడం లేదు.

జీనును మార్చాము. పొట్టపట్టీ ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా, మధ్యలో పది అడుగులు నడిపించి బిగిస్తున్నాను. చెవులు ఇంకా కొంచెం వెనక్కి వెళ్తాయి, నోరు మాత్రం తెరవడం లేదు. నెల రోజులుగా నేనే ఎక్కుతున్నాను. మా అన్న తాడు పట్టుకుంటున్నాడు. అమ్మేయమన్నది ఆయనే.

పోయిన వారం మా ఊళ్ళో పీర్ల పండుగ. గుండం వైపు వెళ్ళే డప్పులు మా వీధిలోకి తిరిగే వేళకు దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి పక్కన నిలబడ్డాను. చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ ఒళ్ళంతా బిగుసుకుంది, కాళ్ళు ఎత్తి వేయడం మొదలుపెట్టింది. ముందుకాళ్ళు జానెడు లేచాయి. నేను తాడు లాగలేదు, మెడ మీద చేయి పెట్టి ఊరుకున్నాను. కాళ్ళు దించింది. ఒక్క నిమిషం వణికి, తల నా మోకాలి దాకా దించి, ముక్కు నా లుంగీకి ఆనించి నిలబడింది. డప్పులు వీధి దాటి పోయేదాకా అలాగే ఉంది.

అబ్బాయికి వేరే ముసలి గుర్రం చూస్తున్నాము. యజమానిగారు, మీ ఎరుకలో నెమ్మదైనది ఏదైనా ఉంటే చెప్పండి. పాత రౌతుగారికి ఒక ప్రశ్న: గట్టు మీద కిలోమీటరు దాకా తాడు మనిషితో వెళ్ళి వస్తున్నాము. తాడు తీసేసి వెళ్ళే మొదటి రోజున మా అన్న ముందు నడవడం మంచిదా, వెనక నడవడం మంచిదా?

జవాబు: పాత రౌతు, కడప

ముందు నడవమనండి. ఇంటినుంచి వెళ్ళేటప్పుడు ముందు, తిరిగి వచ్చేటప్పుడు కూడా ముందే, దాని చూపుకు అందేలా పది అడుగుల దూరంలో. వెనక ఉంటే తరుముతున్నట్టు అనిపిస్తుంది. నాలుగైదు రోజులు అలా చేశాక పక్కకు రమ్మనండి. ఆ రోజు దూరం పెంచకండి, సగానికి తగ్గించండి. జేబులో నాలుగు ఉడికిన ఉలవలు పెట్టుకొని, గట్టు మీద తిరిగే చోట దిగి పెట్టండి.